నెలకు 1,20,000 అనుకున్నాం, పసుపు మరక లెక్క తప్పించింది

ఫ్లాట్ డిపాజిట్‌లో 51,60,000 పోయాయి. కంగారు పడకండి, రూపాయలు కాదు, వియత్నాం డాంగులు. రూపాయికి 300 డాంగుల లెక్కన మనకు 17,200. అయినా తలచుకుంటే నాకింకా కడుపు మండుతూనే ఉంది.

మా ఆయన 49 ఏళ్ళకే ఉద్యోగం మానేసిండు. హనుమకొండలో రెండు పోర్షన్ల కిరాయి, డిపాజిట్ల వడ్డీ, ఫండ్ల నుంచి నెలనెలా తీసుకునేది, ఇదే మా ఆదాయం. పాప ఓపెన్ స్కూల్‌లో చదువుతోంది. ముగ్గురికి నెలకు 1,20,000 అని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుని, ఆరు నెలలు బయటి దేశాల్లో ఉండొద్దామని డబ్బా నిండా సకినాలతో డిసెంబర్‌లో బయల్దేరాం.

మలేషియాలోని పెనాంగ్‌లో నెల ఇట్టే గడిచింది. వీసా అక్కర్లేకపోయింది, అరిటాకు భోజనం దొరికింది, 1,08,000తో తేలింది.

థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయి ఊరు బంగారం, ఏటీఎం మాత్రం దొంగ. మన కార్డు పెట్టిన ప్రతిసారీ మిషన్ వాళ్ళు 220 బాట్లు, అంటే దాదాపు 550 రూపాయలు పట్టుకున్నారు. పైగా బయటి దేశపు డబ్బుకు మార్చినందుకు మా బ్యాంకు మార్కప్ 3.5 శాతం. మా ఆయనేమో దొంగల భయంతో రెండేసి వేల బాట్ల చొప్పున తీసేవాడు! ఒక్కసారే ఎక్కువ తీయండి, మార్కప్ లేని కార్డు ఇంటి దగ్గరే తెచ్చుకోండి. ఫిబ్రవరి వచ్చిందా, చుట్టుపక్కల పొలాలు, అడవులు తగలబడే పొగ. సీజన్‌లో ఎనుమాముల మిర్చి యార్డులో నిలబడ్డట్టు ముగ్గురం ఒకటే దగ్గు. అప్పుడు కిరాయిలు తగ్గుతాయి, ఆశపడొద్దు.

మార్చిలో వియత్నాంలోని డనాంగ్ చేరాం. 90 రోజుల ఈ-వీసా మనిషికి 25 డాలర్లు. బీచ్‌కు నడిచేంత దూరంలో ఫ్లాట్, కిరాయి నెలకు 1,10,00,000 డాంగులు. "కోటి రూపాయల కిరాయి ఇంట్లో ఉన్నమే" అని మా ఆయన అత్తమ్మకు ఫోన్‌లో గొప్పలు చెప్పిండు. డిపాజిట్ ఇంకో నెల కిరాయి. కరెంటు యూనిట్‌కు 4,000 వేరే. చేరిన రోజు మీటర్ ఫోటో తీయలేదు. మా మొదటి తప్పు అదే.

ఖాళీ చేసే రోజు ఏజెంట్ కుర్రాడు చెప్పులు విప్పి, మర్యాదగా నవ్వుతూ వచ్చాడు. ఆఖరి నెల కరెంటు 640 యూనిట్లన్నాడు. ఏసీ వేసుకున్నాం, కాదనను, కానీ అంతకుముందు నెల 350 దాటలేదు. క్లీనింగ్‌కు 6,00,000. తర్వాత సోఫా దగ్గర ఆగి, తెల్ల కవర్ మీద వేలు పెట్టాడు. రూపాయి బిళ్ళంత పసుపు మరక. పాప పప్పన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని సినిమా చూసిన గుర్తు. "ఉతికి రెండు రోజులు ఎండకేస్తే పోతుంది బాబూ" అని ఫోన్‌లో తెలుగులో చెప్పాను. అది వాళ్ళ భాషలోకి మారింది, అతను శ్రద్ధగా చదివాడు, తలూపాడు, కాలిక్యులేటర్‌లో 20,00,000 కొట్టి చూపించాడు. పాప ఏడుపు. మా ఆయన "పోనియ్యి, ఫ్లైట్ టైమైతంది" అని బ్యాగులు దించేసిండు. ఆ "పోనియ్యి" మీద వారం మాట్లాడలేదు నేను.

ఊరిని మాత్రం ఏమీ అనలేను. మా ఆయన శనివారం నీసు ముట్టడు, అక్కడేమో కూరాకులో కూడా చేపల సాస్. ఓ శనివారం బోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లో 'చాయ్' అని చూసి, చాయ్ తాగుదామని ఆశగా దూరిండు. తీరా అక్కడ ఆ మాటకు శాకాహారమని అర్థమట! 30,000 డాంగులకు, అంటే వంద రూపాయలకే, అన్నం, పనసకాయ కూర, టోఫు, వేయించిన ఆకుకూర, గిన్నెడు చారు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అక్కడివాళ్ళు చాలామంది శాకాహారమే తింటారు, ఆ పూట జాగ దొరకదు. ఆ హోటల్ ముసలమ్మ మూడోసారికే మమ్మల్ని గుర్తుపట్టి మిరపకాయలు ఎక్కువేసేది. చాయ్ మాత్రం ఏ రోజూ దొరకలేదు.

ఆరు నెలల సగటు నెలకు 1,15,000. చూడ్డానికి గెలిచినట్టే. కానీ విమానాలు 1,38,000, ఇన్సూరెన్స్ 64,000, వీసాలు 6,500 నోట్‌బుక్ వెనక పేజీలో విడిగా దాక్కున్నాయి. ఆరు నెలలకు పంచితే నెలకు ఇంకో 35,000. తిండి దగ్గర పది రూపాయలకు గీచిగీచి బేరమాడి, ఊరు మారినప్పుడల్లా వేలు పోశాం. అందుకే ఈసారి ఒక్కోచోట మూడు నెలలకు తగ్గకుండా ఉండాలనుకుంటున్నాం. కొత్త అంకె 1,50,000, డిపాజిట్ అందులో కలపం, వస్తే వచ్చింది. పాప ఒక్కటే షరతు పెట్టింది: తెల్ల సోఫా ఉన్న ఇల్లు వద్దు.