20 కిలోల బయోచార్ సంచి, ఒక చౌడు మడి: ఏడాది వాడాక నా రివ్యూ

కలప వ్యర్థాలతో చేసిన బయోచార్ (నేలలో కలిపే బొగ్గు) 20 కిలోల సంచి ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఏడాది దాటింది. అయిదు స్టార్లకి నాలుగు ఇస్తున్నాను. ఒక స్టారు తగ్గించింది సరుకు బాగాలేక కాదు, సంచి మీద రాయాల్సినవి రాయనందుకు.

ముందు నా నేల సంగతి. పెరట్లో అమ్మ బీన్స్ వేసే మడి ఒకటి ఉంది. ఉప్పు బోరు నీళ్లే ఏళ్ల తరబడి దానికి పెట్టాం. పెట్టిన నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలోని ఉప్పు మాత్రం నేలలోనే ఉండిపోతుంది. చివరికి ఎండ ముదిరితే చాలు, మడంతా తెల్లగా పెచ్చు కట్టేది. బీన్స్ ఉప్పుని అసలు ఓర్చుకోని పంట. మొలిచిన నాలుగు రోజులకే ఆకుల అంచులు మాడిపోయేవి. అమ్మ ఇప్పుడు లేదు. ఆ మడిని అలా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

సంచి విప్పగానే నచ్చింది. సరుకు కాస్త తడిగా ఉంది కాబట్టి దుమ్ము రేగలేదు. అయినా మాస్క్ పెట్టుకునే పని చేశాను, మీరూ పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. గోరంత ముక్కల నుంచి పొడి దాకా అన్నీ ఉన్నాయి. వేళ్లతో నొక్కితే పుటుక్కున విరుగుతున్నాయి. పొగ వాసన లేదు. చేతికి అంటిన మసి సబ్బు లేకుండా ఉత్త నీళ్లతోనే పోయింది. సరిగా కాలని బొగ్గయితే జిడ్డుగా పట్టుకుని సబ్బు పెడితే గానీ వదలదు. రంపపు మిల్లు వ్యర్థాలను 550 డిగ్రీల దగ్గర, గాలి తగలకుండా కాల్చినట్టు సంచి మీద రాశారు. గాలి అందకపోతే కట్టె బూడిద కాకుండా బొగ్గుగా నిలుస్తుంది. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు మోసిన సన్నని గొట్టాలు ఆ బొగ్గులో అలాగే ఉండిపోతాయి. భూతద్దం పెట్టి చూశాను, నిజంగానే కనిపించాయి.

అమ్మకం పేజీలో మాత్రం ‘నేలలోని ఉప్పును పీల్చేస్తుంది’ అని ఉంది. నేనూ ముందు అదే నమ్మాను. అది సరైన మాట కాదు. బయోచార్ ఉప్పులోని సోడియంను కొంత తన మీద పట్టి ఉంచుతుంది గానీ, మడిలో ఉన్న ఉప్పంతా దానికి పట్టదు. ఉప్పు పోవాలంటే మంచి నీళ్లలో కరిగి, వేళ్లు ఉన్న లోతు దాటి కిందికి దిగాలి. ఆ నీళ్లు దిగడానికి దారి చేయడమే బయోచార్ పని. అందుకే మంచి నీళ్లు లేని చోట, మురుగు పోయే దారి లేని చోట ఈ సంచి కొనకండి. ముందు ఆ రెండూ చూసుకోండి.

24 చదరపు మీటర్ల మడిని నాలుగు సమాన భాగాలు చేశాను. మొదటి దాంట్లో ఏమీ వేయలేదు. రెండో దాంట్లో కంపోస్టు ఒక్కటే. మూడో దాంట్లో 9 కిలోల బయోచార్ సంచిలోంచి తీసింది తీసినట్టే. నాలుగో దాంట్లో ఇంకో 9 కిలోలు, కానీ కంపోస్టుతో కలిపి మూడు వారాలు తడిపి ఉంచాక. వేసినవన్నీ పై జానెడు మట్టిలో కలిపేశాను. తర్వాత నాలుగింటికీ గట్లు కట్టి, దాచిపెట్టిన వాన నీళ్లు ఒకే కొలతతో పెట్టాను.

అడుగు తీసేసిన డబ్బా ఒకటి మట్టిలో దించి లీటరు నీళ్లు పోసి టైమ్ చూసేదాన్ని. మొదట్లో ఏ భాగంలోనైనా రెండు గంటలకి పైగా పట్టేది. రెండు నెలలకి నాలుగో భాగంలో 35 నిమిషాల్లో ఇంకిపోయింది. మొదటి భాగంలో మాత్రం గంటన్నర. ఆ తేడా చూసిన రోజు చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

ఒక వంతు మట్టి, అయిదు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, తేరాక ఈసీ మీటర్ పెట్టేదాన్ని. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు ఎంతుందో చెప్పే మీటర్ అది, అంకె పెరిగితే ఉప్పు ఎక్కువని. మొదలుపెట్టినప్పుడు అన్ని చోట్లా 0.9 దగ్గర ఉంది. ఏడాదికి నాలుగో భాగం 0.2కి దిగింది, మూడోది 0.3. కంపోస్టు ఒక్కటే వేసింది 0.35. ఏమీ వేయనిది 0.6కి దిగి కూడా ఎండల్లో మళ్లీ 0.7కి ఎక్కింది. ఇది ఒక్క మడిలో నేను చూసినదే, మీ నేలలో ఇవే అంకెలు వస్తాయని చెప్పను. కంపోస్టు ఒక్కటే ఇంత చేసిందంటే, దాన్ని తక్కువగా చూడకండి.

మూడో భాగంలో పొరపాటు చేశాను. తాజా బయోచార్‌ని ఉత్తగా వేస్తే అది నేలలోని నత్రజనిని కొన్నాళ్లు తన దగ్గరే పట్టేసుకుంటుంది. అక్కడ నాటిన బీట్‌రూట్ నారు నెల రోజులు పచ్చగా కాకుండా పాలిపోయి ఉంది. బీట్‌రూట్ ఎదిగాక ఉప్పుని బాగానే ఓర్చుకుంటుంది, మొలకెత్తేటప్పుడు మాత్రం ఓర్చుకోదు. అందుకే నారు పోసి నాటాను. ‘కంపోస్టుతో నానబెట్టి వాడండి’ అన్న ఒక్క ముక్క సంచి మీద ఉంటే నాకు ఆ నెల పోయేది కాదు.

అంతకంటే పెద్ద లోటు, పీహెచ్ (క్షారం ఎంతో చెప్పే అంకె, 7 దాటితే క్షారం) ఎంతో రాయకపోవడం. పది వంతుల నీళ్లలో ఒక వంతు కలిపి నేనే చూస్తే 9.2 వచ్చింది. కట్టె బయోచార్‌కి అది మామూలే, అందులోని బూడిద వల్ల వస్తుంది. నాది పాలచౌడు కాబట్టి సరిపోయింది. పాలచౌడులో ఉన్నది కరిగే ఉప్పు. కారుచౌడు అలా కాదు. అక్కడ సోడియం మట్టి రేణువులకే అతుక్కుని ఉంటుంది, పీహెచ్ అప్పటికే 8.5 దాటి ఉంటుంది. దాని మీద 9.2 ఉన్న సరుకు వేస్తే ఇంకా క్షారం పెంచినట్టే. కారుచౌడుకి ముందు జిప్సం పడాలి. జిప్సంలోని కాల్షియం సోడియంను తప్పించి ఆ చోట కూర్చుంటుంది, ఊడిన సోడియంను నీళ్లు తీసుకుపోతాయి. బయోచార్ వేయాలనుకుంటే దానికి తోడుగానే.

మీది ఏ చౌడో తెలియకపోతే చిన్న ఎండు మట్టి గడ్డని గ్లాసుడు డిస్టిల్డ్ వాటర్‌లో కదపకుండా వదిలి చూడండి. గడ్డ చుట్టూ పాలు కలిపినట్టు మబ్బు కమ్మితే సోడియం సమస్య ఉన్నట్టు. ఉప్పు బాగా ఉన్నప్పుడు ఈ మబ్బు దాగిపోతుంది, అందుకే ఉప్పు కడిగాక ఇంకోసారి చూడాలి. నిజంగా పొలానికి వేసేవాళ్లయితే మట్టి పరీక్షకి ఇవ్వడమే మంచిది.

అమ్మినవాళ్లని ల్యాబ్ రిపోర్ట్ అడిగితే వారానికి పంపారు. అందులో భార లోహాల లెక్క ఉంది, అది నాకు ముఖ్యం. రంగు వేసిన కలప, చెదలు పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మందు పట్టించిన కలప కాలిస్తే ఆ లోహాలు చాలావరకు బొగ్గులోనే మిగులుతాయి. ‘కలప వ్యర్థాలు’ అన్న మాట చూసి ఆగిపోకుండా ఏ కలపో అడగండి. ఉప్పు మీద మాత్రం ఆ రిపోర్ట్‌లో ఒక్క అంకె లేదు, చౌడుకని అమ్మే సరుకుకి అది ఉండాలి కదా. నేను మీటర్ పెట్టి చూస్తే తక్కువే ఉంది.

పెద్ద పొలాలకి ఇది తేలిక కాదు. నేను వేసిన మోతాదు హెక్టారుకి 15 టన్నులు అవుతుంది. అంత సరుకు తేవడం కంటే మొక్కల వరుసల్లో, పాదుల్లో మాత్రమే వేయడం నయం. ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి నేలలో ఉంటుంది, ఏటా కొనే పని లేదు.

ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు, దీని బదులు బూడిద వేయొచ్చా అని. వద్దు. బూడిదలో కరిగే లవణాలు, క్షారం రెండూ ఎక్కువ, చౌడు ఇంకా పెరుగుతుంది. బొగ్గు వేరు, బూడిద వేరు.

నాలుగో భాగంలో ఇప్పుడు బీన్స్ వేశాను. అంచులు మాడని ఆకులు వచ్చాయి, పూత మొదలైంది. మొదటి భాగానికి రెండో సంచి తెప్పిస్తున్నాను, ఈసారి పీహెచ్, ఈసీ రాసి పంపమని ముందే అడిగాను.