కీప్యాడ్ ఫోనులో ప్రభుత్వ సందేశాలు: 1950, యు-విన్ సేవలను వాడి చూశాక

మా అమ్మ దగ్గర ఉన్నది మీటలు నొక్కే చిన్న ఫోను. అందులో వాట్సాప్ లేదు, యాప్‌లు లేవు. ఆమెకు ఇంగ్లీషు రాదు కానీ, తెలుగు దినపత్రికను మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదువుతుంది. ఎన్నికల సంఘం వారి 1950 ఎస్సెమ్మెస్ సేవను, పిల్లల టీకాల కోసం యు-విన్ పంపే సందేశాలను నేను పరిశీలించింది ఆ ఫోనును దృష్టిలో పెట్టుకునే. స్మార్ట్‌ఫోను ఉన్నవారికి ఈ పనులకు వేరే దారులున్నాయి కాబట్టి, లేనివారికి ఈ సేవలు ఎంతవరకు అందుతున్నాయన్నదే నాకు ముఖ్యం.

ముందుగా 1950. ఇంగ్లీషు అక్షరాల్లో ఈసీఐ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఓటరు గుర్తింపు కార్డు మీది నంబరు చేర్చి 1950కి పంపితే, జాబితాలోని పేరు, పార్ట్ నంబరు, క్రమసంఖ్య తిరుగు సందేశంలో వస్తాయి. ఇంత చిన్న సమాచారం విలువ పోలింగు నాడు తెలుస్తుంది. 2024 మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలింగు జరిగినప్పుడు కూడా, బూత్‌కు కొంత దూరంలో పార్టీల వారు వేసుకున్న బల్లల దగ్గర, జాబితాలో పేరు వెతికించుకుని చీటీ రాయించుకోవడానికి పెద్దవాళ్ళు ఎండలో నిలబడ్డారు. తన పేరు ఎక్కడుందో ఇంటి దగ్గరే తెలుసుకున్న ఓటరుకు ఆ బల్ల దగ్గరికి వెళ్ళవలసిన పని లేదు. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఇదే.

అయితే అమ్మ ఫోను నుంచి పంపబోతే సందేశం వెళ్ళలేదు. ఆమె వేయించుకునే అతి తక్కువ రీచార్జిలో ఎస్సెమ్మెస్‌లు లేవని కంపెనీ వారిని అడిగితే తెలిసింది. చివరికి నా ఫోను నుంచి పంపి, వచ్చిన జవాబును ఆమెకు చదివి వినిపించాను. ఈ ఇబ్బంది తీర్చలేనిదేమీ కాదు. నంబరు మారకుండా కంపెనీ మారడానికి 1900కి పంపే సందేశాన్ని, రీచార్జి ఏదైనా సరే, ఏ వినియోగదారుకూ ఆపకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2021 డిసెంబరులోనే కంపెనీలను ఆదేశించింది. కంపెనీ మారే హక్కుకు ఇచ్చిన ఆ వెసులుబాటును ఓటు హక్కుకు కూడా ఇవ్వాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఇక యు-విన్. 2024 అక్టోబరులో దేశమంతటికీ ప్రారంభించిన ఈ వ్యవస్థలో గర్భిణుల, పిల్లల టీకాల వివరాలు నమోదవుతాయి, తర్వాతి టీకా గడువును గుర్తుచేస్తూ ఫోనుకు సందేశం వస్తుంది. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల టీకాలు వెంటవెంటనే వస్తాయి కనుక చాలామంది మరచిపోరు. మూడున్నర నెలలకూ తొమ్మిదో నెల తట్టు-రుబెల్లా టీకాకూ మధ్య ఉన్న అయిదు నెలల పైచిలుకు ఎడంలోనే కార్డు బీరువాలో అడుగున పడిపోతుంది. సందేశం నిజంగా అక్కరకు వచ్చేది అప్పుడే.

మా చెల్లెలి బిడ్డకు మొదట ఏ సందేశమూ రాలేదు. కారణం వెతికితే, టీకాకు వెళ్ళిన కేంద్రంలో మా మరిది పాత నంబరును రాసుకున్నారని, ఆ సిమ్ము వాడకం మానేసి ఏడాది దాటిందని తేలింది. తప్పు ఒకరిదని చెప్పలేను. అడిగినప్పుడు నోటికి వచ్చిన నంబరు మావాళ్ళే చెప్పి ఉండవచ్చు. కానీ నంబరు నమోదు చేయగానే అక్కడికక్కడే ఆ ఫోనుకు ఒక సందేశం పంపి, వచ్చిందో లేదో తల్లినే అడిగితే ఇంత దూరం రాదు. కోవిడ్ కాలంలో ఆ టీకాల నమోదుకు పెట్టిన కోవిన్ వ్యవస్థ ఇలాగే ఒక పొరపాటును సరిదిద్దుకుంది. తేదీ తీసుకుని వెళ్ళని వారికి కూడా టీకా వేసినట్టు సందేశాలు రావడంతో, 2021 మే 8 నుంచి ఆన్‌లైన్‌లో తేదీ తీసుకున్నవారు టీకా దగ్గర చెప్పవలసిన నాలుగంకెల కోడ్‌ను పెట్టారు.

భాష దగ్గర ఉన్న చిక్కు చాలామందికి తెలియదు. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషుకు 160 అక్షరాలు పడితే, తెలుగు లిపికి 70 మాత్రమే పడతాయి. ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు, గుణింతపు గుర్తు, పొల్లు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘వ్యాధినిరోధక టీకా’ అన్న మాటలు కంటికి ఎనిమిది అక్షరాలే అయినా, మధ్య ఖాళీతో కలిపి 17 స్థానాలు తింటాయి. సందేశం పొడవు పెరిగితే రెండు మూడు ముక్కలవుతుంది, ముక్కకు ఇంత అని పంపేవారికి ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు భరించి అయినా తెలుగులోనే పంపాలి, లేదా ‘బుధవారం పాపకు టీకా’ అన్నంత క్లుప్తంగా రాయడం నేర్చుకోవాలి. మా అమ్మకు రెండోదే చాలు.

మోసపు సందేశాల భయంతో పెద్దవాళ్ళు ఏ సందేశమూ తెరవడం లేదు, తెరవవద్దని మనమే చెబుతున్నాం. 2025లో వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రభుత్వ సందేశం పంపినవారి పేరు చివర ఇంగ్లీషు జీ అక్షరం ఉంటుంది. అమ్మకు ఆ ఒక్క అక్షరాన్ని గుర్తుపట్టడం నేర్పాను.

ఈ రెండింటిలో 1950కే నేను ఎక్కువ మార్కులు వేస్తాను, ఎందుకంటే అక్కడ అడిగేది పౌరుడు. టీకా సందేశానికి బదులు రాయడానికి వీలుండదు. వెళ్ళిన రోజున టీకా మందు లేకపోతే ఆ సంగతి తల్లి అదే దారిలో తిరిగి చెప్పలేదు. టాంజానియాలో ‘ఎస్సెమ్మెస్ ఫర్ లైఫ్’ పేరుతో మూడు జిల్లాల్లోని 129 ఆరోగ్య కేంద్రాల నుంచి మలేరియా మందుల నిల్వలను వారం వారం సందేశాల ద్వారానే తెప్పించుకుంటే, ఏదో ఒక మలేరియా మందు అసలే లేని కేంద్రాలు 21 వారాల్లో 78 శాతం నుంచి 26 శాతానికి తగ్గాయి. అక్కడ జవాబు పంపింది ఆరోగ్య కార్యకర్తలు; మన దగ్గర తల్లులు కూడా పంపగలరని నేను నమ్ముతున్నాను.

చెల్లెలి బిడ్డకు తొమ్మిదో నెల టీకా ఇంకా రెండు నెలల్లో ఉంది. నంబరు మార్పించడానికి వెళ్ళినప్పుడు, ఏ.ఎన్.ఎం. గారు పది అంకెలూ పైకి చదివి, సరిచూసి మరీ రాసుకున్నారు. ఈసారి ఇచ్చింది మా అమ్మ నంబరు.