ప్రజారోగ్యంలో డిగ్రీ: క్రైస్తవ విశ్వవిద్యాలయమా, ప్రభుత్వ విశ్వవిద్యాలయమా – ఏది మేలు?

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, హైస్కూల్ ముగించబోతున్న పిల్లలు పబ్లిక్ హెల్త్ చదువుతామంటే, తల్లిదండ్రుల ఎదుట సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి టెక్సస్ ఏ అండ్ ఎం వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయం, రెండోది వేకోలోని బేలర్ వంటి క్రైస్తవ విశ్వవిద్యాలయం. ఈ రెంటితో పాటు కాలిఫోర్నియాలోని లోమాలిండా విశ్వవిద్యాలయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం. మత విశ్వాసం ప్రజారోగ్య పరిశోధనగా ఎలా మారుతుందో అక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ముందుగా ఈ డిగ్రీ స్వభావం తెలియాలి. ఇందులో ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎవరికి, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాల శాస్త్రం), పర్యావరణ ఆరోగ్యం, ఆరోగ్య విధానం ప్రధానాంశాలు. డిగ్రీ చేతికి రాగానే కౌంటీ ఆరోగ్య శాఖల్లోను, ఆసుపత్రుల్లోను, సేవాసంస్థల్లోను తొలిమెట్టు ఉద్యోగాలు దొరుకుతాయి కానీ, విశ్లేషణ, విధాన నిర్ణయం వంటి బాధ్యతలకు చాలా చోట్ల ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్ డిగ్రీ) అడుగుతారు. అంటే నాలుగేళ్ల చదువు తరువాత మరో రెండేళ్ల చదువు ఉంటుందని ముందే అనుకోవాలి. మొదటి డిగ్రీకి ఎంత అప్పు చేస్తున్నామన్న ప్రశ్న అందుకే ఇక్కడ మామూలుకన్నా బరువైనది.

ఖర్చు మాటకొస్తే తేడా చాలా పెద్దది. టెక్సస్ నివాసులకు ఏ అండ్ ఎంలో ఏడాది ట్యూషన్, ఫీజులు కలిపి సుమారు 12 వేల డాలర్ల దగ్గర ఉంటే, బేలర్‌లో ప్రకటిత ట్యూషనే 50 వేల డాలర్లు దాటుతుంది. అయితే బేలర్ మార్కులను బట్టి ఇచ్చే స్కాలర్‌షిప్పుల వల్ల చాలామంది ఆ ప్రకటిత మొత్తాన్ని పూర్తిగా కట్టరు. కనుక సీటుతో పాటు వచ్చే స్కాలర్‌షిప్ లేఖ చూడకుండా పోల్చడం సరికాదు. హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సహాయం అందదు, 21 ఏళ్లు నిండితే ఆ వీసా కూడా మారాలి. అలాంటి ఇళ్లలో ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా వేసుకోవాలి.

బేలర్ 1845లో మొదలైన బాప్టిస్టు విశ్వవిద్యాలయం. ఏ మతం వారికైనా ప్రవేశం ఉంటుంది, కానీ క్రైస్తవ లేఖనాల మీద ఒకటి, క్రైస్తవ వారసత్వం మీద ఒకటి చొప్పున రెండు కోర్సులు తప్పనిసరి. చాపెల్ (క్యాంపస్‌లో జరిగే ప్రార్థన సమావేశం) హాజరు కూడా ఉంటుంది. క్రైస్తవ కుటుంబాల పిల్లలకు ఇది ఇంటి వాతావరణానికి కొనసాగింపు. హిందూ, ముస్లిం కుటుంబాల పిల్లలకైతే ఇవి తప్పించుకోదగిన లాంఛనాలు కావనీ, శ్రద్ధగా చదవవలసిన పాఠాలనీ ముందే చెప్పి పంపాలి. మన వాళ్లలో తరచు కనిపించే ఒక అపోహను కూడా ఇక్కడే తీర్చాలి. హ్యూస్టన్‌లోని బేలర్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్ 1969లోనే ఈ విశ్వవిద్యాలయం నుంచి విడిపోయి స్వతంత్ర సంస్థ అయింది. వేకోలో పబ్లిక్ హెల్త్ సీటు వస్తే హ్యూస్టన్‌లో మెడిసిన్ సీటుకు సగం దారి వేసినట్టేనని నమ్మి పిల్లలను పంపడం వాళ్లకు అన్యాయం చేయడమే.

లోమాలిండా తీరు వేరు. ఇది సెవెంత్-డే అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖ వారి ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం. హైస్కూల్ నుంచి నేరుగా వెళ్లే చోటు కాదు. తొలి రెండేళ్ల కోర్సులు మరో కాలేజీలో పూర్తి చేసుకుని అక్కడికి మారాలి, ఆ ఏడాది ఏ డిగ్రీలకు ప్రవేశాలున్నాయో కూడా చూసుకోవాలి. పొగాకు, మద్యం నిషిద్ధం. ఇంత కట్టుబాటున్న సమాజాన్నే వీళ్లు అధ్యయనానికి ఎంచుకున్నారు. 1974లో సుమారు 34 వేలమంది కాలిఫోర్నియా అడ్వెంటిస్టులతోను, 2002 నుంచి అమెరికా, కెనడాల్లో దాదాపు 96 వేలమందితోను చేపట్టిన అధ్యయనాల్లో ఎవరు ఏం తింటున్నారో, ఎంత నడుస్తున్నారో, ఏ జబ్బుతో చనిపోతున్నారో ఏళ్ల తరబడి నమోదు చేశారు. తక్కిన కాలిఫోర్నియా వాసులకన్నా అడ్వెంటిస్టు పురుషులు సుమారు ఏడేళ్లు, స్త్రీలు నాలుగేళ్లకు పైగా ఎక్కువ బతుకుతున్నారని 2001లో ప్రచురితమైన ఫలితం తేల్చింది. సిగరెట్ తాగకపోవడం వల్ల వచ్చిన లాభమెంత, శాకాహారం వల్ల వచ్చినదెంత అని విడదీసి చూడటమే ఎపిడెమియాలజీలో అసలు కష్టం. ఆ కష్టాన్ని దగ్గరగా చూసే అవకాశం విద్యార్థికి గొప్ప వరం. కోవిడ్ టీకాల కాలంలో శాన్ బెర్నార్డినో ప్రాంతంలోని నల్లజాతి చర్చిల పాస్టర్లను కలుపుకొని, వాళ్ల మాట మీద నమ్మకమున్న జనానికి టీకాలు అందించిన ఇక్కడి వారి కృషి కూడా చెప్పుకోదగినదే. టీకా మీద జనానికి గురి కుదరాలంటే ఎవరు చెప్పాలన్నది ఏ పాఠ్యపుస్తకమూ పూర్తిగా నేర్పలేని విషయం.

ఏ అండ్ ఎంకు ఉన్న బలం వెడల్పు. 1998లో ఏర్పడిన ప్రత్యేక పబ్లిక్ హెల్త్ స్కూల్, గ్రామీణ ఆరోగ్యం మీద పరిశోధనా కేంద్రం, రకరకాల మతాల, నమ్మకాల సహాధ్యాయులు అక్కడ ఉంటారు. రాష్ట్రంలో హైస్కూల్ తరగతిలో పై 10 శాతంలో నిలిచిన వారికి ప్రవేశం ఖాయమన్న నియమమూ కలిసొస్తుంది, కోరిన మేజర్ దక్కుతుందన్న హామీ మాత్రం అందులో లేదు.

కుటుంబ నియంత్రణ, హెచ్ఐవీ నివారణ, స్వలింగ సంపర్కుల ఆరోగ్యం వంటి అంశాలను మత సంస్థలో పూర్తిగా బోధిస్తారా అన్న అనుమానం సహేతుకమే. ఊహించుకుని భయపడటంకన్నా ఆ కోర్సుల సిలబస్ అడిగి తెప్పించుకుని చదవడం మంచిది. సంస్థ విశ్వాసం ఏదైనా ఆధారాలను ఆధారాలుగానే బోధిస్తున్నారా అన్నది అందులో తెలిసిపోతుంది.

క్రైస్తవ సేవకూ ప్రజారోగ్యానికీ ఉన్న చుట్టరికం మనకు కొత్త కాదు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ స్త్రీల కోసం ఆసుపత్రి నెలకొల్పింది. వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ)లో చదివిన రాజ్, మేబెల్ అరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ చేరి, చాలావరకు చదువురాని గ్రామీణ స్త్రీలకే ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణనిచ్చారు. ఇలాంటి అనుభవాలను ప్రపంచ చర్చిల మండలి ఆధ్వర్యంలోని క్రిస్టియన్ మెడికల్ కమిషన్ లోకానికి చాటింది. ప్రాథమిక ఆరోగ్య సేవలు అందరికీ అందాలన్న 1978 ఆల్మా-ఆటా అంతర్జాతీయ ప్రకటన వెనుక వాటి ప్రభావం ఉంది. క్రైస్తవ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునే వారు ఈ సంప్రదాయం అక్కడి తరగతిగదిలో బతికి ఉందో లేదో చూడాలి. పేరులోని క్రైస్తవం ఒక్కటే అందుకు చాలదు.

నా నిర్ణయం ఇది. టెక్సస్‌లో ఉంటూ, ఎంపీహెచ్ గాని మెడిసిన్ గాని తరువాత చదవదలచుకున్న పిల్లలకు ఏ అండ్ ఎం మేలు. మిగిలిన డబ్బు రెండో డిగ్రీకి పనికొస్తుంది. స్కాలర్‌షిప్ పోగా బేలర్ ఖర్చు ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి దగ్గరగా వచ్చి, విశ్వాస వాతావరణం కావాలని కోరేది తల్లిదండ్రులు కాక విద్యార్థే అయితే, బేలర్ మంచి ఎంపిక. ఆహారం, జీవనశైలి, దీర్ఘకాలిక జబ్బుల మీద మనసున్న విద్యార్థి మాత్రం రెండేళ్లు దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఖర్చుతో చదివి లోమాలిండాకు దరఖాస్తు చేయడం గురించి ఆలోచించాలి. అక్కడికి కావలసిన కోర్సుల జాబితాను మొదటి సెమిస్టర్‌కు ముందే తెప్పించుకుంటే ఒక్క క్రెడిట్ కూడా వృథా పోదు.