మందం స్లైడర్: రెండేళ్ల వాడకం తర్వాత

రైనో అనే త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్, కొలత మారిస్తే గీత దానంతటదే మారేలా చేసే దాని అనుబంధం గ్రాస్‌హాపర్ ఏమిటో, కంప్యూటర్ ఫైలును బట్టి నాలుగు బై ఎనిమిది అడుగుల షీటును కోసే సీఎన్‌సీ రూటర్ ఏమిటో ఆర్కిటెక్చర్ వాళ్లకు తెలిసిందే. విజయనగరంలో రెండేళ్లుగా ఆ సాఫ్ట్‌వేర్‌ను, ఈ మిషనును కలిపి విద్యార్థుల చేత వాడించాక బాగా నచ్చింది ఒక్కటే, మందం స్లైడర్, అంటే తెరమీద జరిపి అంకె మార్చే మీట. ప్లైవుడ్ మందం అక్కడ మారిస్తే నిలువు, అడ్డ పట్టీలు ఒకదానిలో ఒకటి దిగే అల్లికలోని 84 గాడులూ వాటంతటవే సర్దుకుంటాయి. తెరమీది గీతకు, చేతిలోని చెక్కకు సంబంధం ఏమిటో పిల్లలకు తెలిసేది ఇక్కడే.

18 మి.మీ. ప్లై ఎప్పుడూ కచ్చితంగా 18 ఉండదు. ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 303యే 5 శాతం అటూఇటూ ఒప్పుకుంటుంది, అంటే 0.9 మి.మీ. వానాకాలంలో గోడకు ఆనించి ఉంచితే అంచులు ఉబ్బుతాయి కూడా. అందుకే మందం కొలిచే కాలిపర్‌తో కొలిచి, 0.2 మి.మీ. వదులు కలిపి గాడి కోయించేవాళ్లం. మొదటి ఆరు నెలలు ఇంతకు మించిన పద్ధతి లేదనే అన్నాం.

దెబ్బ తగిలింది మూడు షీట్ల కూర్పులో. వాటి మందాలు 17.4, 17.9, 18.2. పిల్లలు ప్రతి షీటునూ కొలిచి, దాని మందాన్నే దాని గాడులకు ఇచ్చారు. చూడటానికి తప్పేం లేదు. కానీ గాడిలోకి దిగేది ఆ షీటు కాదు, ఎదురు ముక్క. 17.4 షీటులోని నిలువు పట్టీకి 17.6 గాడి పడింది. అందులోకి దిగాల్సిన అడ్డపట్టీ 18.2. సుత్తితో కొడితే పై పొర చీలిపోయింది. అడ్డపట్టీలోని 18.4 గాడిలోనేమో 17.4 పట్టీ మిల్లీమీటరు ఖాళీతో ఊగింది. మన వడ్రంగి ఇలాంటి చోట టేపు పట్టడు, దిగాల్సిన పలకనే ఆనించి పెన్సిలుతో గీస్తాడు. మా ఫైలుకు అదే తెలియలేదు.

ఇప్పుడు స్లైడర్ తీసేసి మందాల జాబితా పెట్టాం. షీటుకు మార్కర్‌తో నంబరు వేసి, అంచు నుంచి 30 మి.మీ. లోపలికి జరిగి నాలుగు చోట్ల కొలిచి, సగటు కాకుండా పెద్ద అంకె తీసుకోవాలి. ప్రతి ముక్కకూ షీటు నంబరు తగిలించి, గాడి వెడల్పు మాత్రం ఎదురు ముక్క షీటు నుంచి లాగాలి. నెస్టింగ్‌లో (ముక్కలను షీట్ల మీద సర్దడంలో) ముక్క వేరే షీటుకు జరిగితే నంబరూ మారాలి, అందరూ మరిచేది ఇదే. తర్వాత తుక్కు ముక్క మీద 0.1, 0.2, 0.3 వదులుతో మూడు గాడులు కోసి చూడాలి. పదును పెట్టించిన 6 మి.మీ. కోత బిట్ 5.9కి దిగి ఉంటే గాడి 0.1 ఇరుకవుతుంది. లోపలి మూలల్లో బిట్ 3 మి.మీ. గుండ్రం వదులుతుంది కాబట్టి డాగ్‌బోన్ (మూలలో అదనంగా తీసే గుండ్రటి కోత) ఎలాగూ తప్పదు.

ఇంకొకటి. డీఎక్స్‌ఎఫ్ అనే గీతల ఫైలుగా పంపిన క్షణం మోడల్‌తో బంధం తెగిపోతుంది. పిల్లలు క్యామ్‌లోనే (మిషనుకు కోత దారి వేసే సాఫ్ట్‌వేర్‌లో) గాడిని లాగి సరిచేసేస్తారు, ఆపైన మోడల్ ఒకటి, చెక్క ఒకటి. అది మాత్రం ఒప్పుకోకండి, గ్రాస్‌హాపర్‌కు వెనక్కి పంపండి.

మాకు ఒకే లాట్ షీట్లు రెండు మూడుకు మించి దొరకవు, ముప్ఫై మందికి ఒకటే మిషను. ఒకే లాట్ ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే పలక) తెప్పించుకోగలిగిన వాళ్లకు స్లైడరే చాలు. 3 మి.మీ. లేజర్ మోడళ్ల దగ్గరే ఆగేవాళ్లకు ఈ జాబితా శ్రమ దండగ. నిలువెత్తు కట్టడాలు చేయించే ఉద్దేశం ఉంటే మాత్రం మొదటి రోజే జాబితాతో మొదలుపెట్టండి. స్లైడర్‌కు అలవాటుపడ్డ చేతులను మళ్లించడానికి మాకు ఒక సెమిస్టర్ పట్టింది.