మూడు బసలు, మూడు పరుపులు

నడుము నొప్పి ఉన్నవాళ్లకి ప్రయాణమంటే, రాత్రికి ఎలాంటి పరుపు దొరుకుతుందోనన్న టెన్షనే ముందు. ఇంట్లో పాత పరుపు ఎలాగూ మార్చాలి. అందుకే ఈసారి దిగిన ప్రతిచోటా గది కంటే పరుపునే ఎక్కువ చూశాను.

మొదటి బసలో గది శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే మంచి గాలి. పరుపు మాత్రం చెక్కబల్లే. నడుముకి గట్టి పరుపే మంచిదని ఎప్పటినుంచో వింటున్నాను కదా, సంతోషంగానే పడుకున్నాను. పక్కకి తిరిగితే భుజం, తుంటి ఒత్తుకుపోయాయి. వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి పెడితే ఇటునుంచి అటు ఇట్టే దూరిపోయింది. అంటే నడుము వంపుకి ఆసరాయే లేదు. తెల్లారి చెప్పులు తొడుక్కోవడానికి వంగలేకపోయాను. 2003లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో, దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిపై చేసిన పరిశోధన వచ్చింది. బాగా గట్టి పరుపుల కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్నవాటి మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గిందని అందులో తేలింది. నా నడుము కూడా ఆ రాత్రి అదే చెప్పింది.

రెండో చోట మెమరీ ఫోమ్. ఒంటి వేడికి మెత్తబడి మనిషి ఆకారానికి సర్దుకుంటుంది కాబట్టి మొదటి గంట హాయిగా అనిపించింది. ఆ తర్వాత ఏసీ నడుస్తున్నా వీపంతా చెమటే. ఒళ్లు లోపలికి దిగిపోయాక చుట్టూ గాలి ఆడదు. పైగా దుప్పటి కింద తడి దిగకుండా ప్లాస్టిక్ లాంటి తొడుగు వేశారు. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చి అది తీసేసి, మందపాటి నూలు దుప్పటి వేసి, అడక్కుండానే ఇంకో దిండు కూడా ఇచ్చి వెళ్లారు. ఆ మర్యాద మరచిపోలేను. వేడి కొంత తగ్గింది కానీ నడుము కుంగడం ఆగలేదు, పక్కకి తిరగాలంటే గుంతలోంచి లేచినట్టుండేది.

మూడోది చిన్న గది. లిఫ్ట్ లేదు, పెట్టెలు మేమే మోసుకున్నాం. బాత్రూమ్ తలుపు సరిగ్గా పడదు. కానీ పరుపు! కింద పాకెట్ స్ప్రింగులు, పైన లేటెక్స్ అనే రబ్బరు నురగ పొర. ఒక్కో స్ప్రింగూ విడిగా గుడ్డ సంచిలో ఉంటుంది కాబట్టి బరువు పడినచోటే నొక్కుకుంటుంది, మధ్య సందుల్లో గాలీ ఆడుతుంది. లేటెక్స్‌లోనూ సన్నటి రంధ్రాలుంటాయి. నడుము కింద చెయ్యి పెడితే కాస్త రాసుకుంటూ దూరింది. మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకుంటే మళ్లీ తెల్లారాకే మెలకువ. ఒక్క రాత్రికని దిగి రెండు రాత్రులున్నాం.

కొనేటప్పుడు కూడా చేత్తో నొక్కి చూసి వచ్చెయ్యను. వెల్లకిలా, పక్కకి కనీసం పావుగంట పడుకుని చూస్తాను, కొన్నాళ్లు వాడాక నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా అని అడుగుతాను. చల్లదనం కోసమని జెల్ పొర ఒక్కటే చూసి మాత్రం కొనను. తాకగానే చల్లగానే ఉంటుంది, కాసేపటికి అదీ ఒంటి వేడికి వచ్చేస్తుంది.

గది ఖాళీ చేసే ముందు దుప్పటి మూల ఎత్తి, ఆ పరుపు లేబుల్ ఫొటో తీసుకున్నాను.