బెజవాడ నుంచి ఏ దారికి డిక్కీలో ఏముండాలి

బెజవాడకీ గుంటూరుకీ నడుమ కారు ఆగిపోతే కంగారు పడే పని లేదు. ఆ 35 కిలోమీటర్లలో తాడేపల్లి, మంగళగిరి, కాజ టోల్‌గేటు, పెదకాకాని వరసగా తగులుతూనే ఉంటాయి. ఎంత రాత్రయినా లారీల టైర్లు చూసే పంక్చర్ షాపు ఒకటైనా తెరిచి ఉంటుంది. అదే కారు దోర్నాల దాటాక నల్లమలలో ఆగితే మెకానిక్కు సంగతి అటుంచండి, ఫోన్లో సిగ్నలే చాలాచోట్ల దొరకదు. రెండు దారులకీ ఒకే సామాను సర్దితే ఒకచోట బరువు, ఇంకోచోట కొరత. సాయం ఎంత దూరంలో ఉందో చూసుకుని డిక్కీ సర్దుకోవాలి.

హైదరాబాదు రోడ్డుతో మొదలుపెడదాం. 275 కిలోమీటర్ల 65వ నంబరు జాతీయ రహదారి. సేవల విషయంలో ఇక్కడినుంచి వెళ్లే దారులన్నిటిలోకీ ఇదే మెరుగు. కీసర, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గరా, ఆ తర్వాత తెలంగాణలోనూ సాయం అందుబాటులో ఉంటుంది. 1033కి ఫోన్ చేస్తే గస్తీ బండో క్రేనో వస్తుంది. చేసేముందు రోడ్డు పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె చూసుకోండి. ‘నందిగామ దాటాక ఎక్కడో’ అంటే బండి ముందుకీ వెనక్కీ తిరుగుతూ అరగంట వృథా అవుతుంది. ఆ క్రేను పని కారుని రోడ్డు మీద నుంచి తప్పించడం వరకే, మీకు నచ్చిన షెడ్డు దాకా లాక్కెళ్లడం కాదు. దానికి ఇన్సూరెన్సుతో తీసుకునే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉండాలి. ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితంగా లాగుతారో, ఏడాదికి ఎన్నిసార్లు వస్తారో పాలసీ కాగితంలో ముందే చదివి పెట్టుకోవడం మంచిది.

ఈ రోడ్డు మీద అసలు ప్రమాదం కారు ఆగడం కాదు, ఆగిన కారుని వెనక నుంచి వచ్చే బండి గుద్దడం. 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి 28 మీటర్లు దూసుకొస్తుంది. కారుతో ఇచ్చిన ఎర్ర త్రికోణాన్ని బంపరుకి పదడుగుల్లో పెడితే అది ఎవరికీ పనికిరాదు. వెనక్కి నూట ముప్పై అంగలు నడిచి, అంటే దాదాపు 100 మీటర్ల దూరంలో పెట్టాలి. మలుపుంటే మలుపుకి అవతల పెట్టాలి. మెరిసే పట్టీలున్న జాకెట్టు డిక్కీలో కాకుండా డ్రైవరు సీటు కింద ఉండాలి. చీకట్లో దిగేముందే తొడుక్కోవాలిగదా. నాలుగు ఇండికేటర్లూ వేసి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ రోడ్డు లేనివైపు తలుపులోంచి దించి, ఇనుప కంచె అవతల నిలబెట్టాలి. ఎండగా ఉంది, ఏసీ వేసుకుని కార్లోనే కూర్చుందాం అనుకోవడం ఈ రోడ్డు మీద చేయకూడని పని. అందుకే రెండు గొడుగులు, 5 లీటర్ల మంచినీళ్ల క్యాను కూడా బ్రేక్‌డౌన్ సామానే. టార్చి తలకి కట్టుకునేదైతే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. రాత్రి బాగా పొద్దుపోతే సగం దారిలో సూర్యాపేటలో హోటళ్లు దొరుకుతాయి. అక్కడ ఆగిపోవడం తెల్లవారుజామున నిద్రకళ్లతో నడపడంకన్నా నయం.

ఇక టైరు. అన్ని దారుల్లోనూ ఎక్కువగా ఆపేది ఇదే. దీనికి కావలసినవి దాదాపు అందరి కార్లలోనూ ఉంటాయి, అవసరమైనప్పుడు మాత్రం పని చేయవు. స్టెప్నీలో గాలి ఉండదు. వాడకపోయినా నెలనెలా కొంత గాలి దిగుతూనే ఉంటుంది. మిగతా నాలుగింటికీ గాలి కొట్టించినప్పుడు దానికి మామూలుకంటే రెండు మూడు పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ పెట్టించండి. కొన్ని కార్లలో స్టెప్నీ మిగతావాటికంటే సన్నగా ఉంటుంది. దాని మీద 80 కిలోమీటర్ల వేగం దాటొద్దని చీటీ అంటించి ఉంటే ఆ మాట వినాలి. సీఎన్‌జీ కార్లలో స్టెప్నీ, జాకీ సిలిండరు సందుల్లోకి పోతాయి. వాటిని ఒకసారి ఇంటి దగ్గరే బయటికి తీసి చూసుకోకపోతే రోడ్డు మీద సామానంతా దించాల్సి వస్తుంది.

రెండోది, నట్లు ఊడవు. షాపుల్లో గాలి మిషనుతో బిగించిన నట్లు కారుతో వచ్చే చిన్న ఎల్ పానాకి కదలవు. పానా మీద ఎక్కి తొక్కితే జారి దెబ్బ తగులుతుంది, నట్టు మూలలు అరిగిపోతాయి. పొడవుగా లాగితే సాగే వీల్ పానా ఒకటి కొనుక్కోండి. మన కార్లలో ఎక్కువగా 19, 21 ఎంఎం నట్లుంటాయి, రెండువైపులా ఈ రెండు కొలతలూ ఉన్నదైతే పక్కవాడికీ సాయపడుతుంది. లేదంటే ఎల్ పానాకి తొడిగేలా రెండడుగుల ఇనుప గొట్టం చాలు. చక్రం నేలమీద ఉండగానే నట్లు సగం చుట్టు వదులు చేసి ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. పైకి లేచాక వదులు చేయబోతే చక్రం తిరుగుతుంది, కారు జాకీ మీద నుంచి జారుతుంది. ఎత్తే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి రెండువైపులా రాళ్లు పెట్టాలి. బిగించేటప్పుడు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురు నట్లు బిగించి, 50 కిలోమీటర్లు వెళ్లాక మళ్లీ ఒకసారి చూడాలి.

మూడోది మన నేల. గుంటూరు, పల్నాడు వైపు రోడ్డు అంచు దిగితే నల్లరేగడి. వాన పడ్డాక దానిమీద జాకీ పెడితే కారు లేవదు, జాకీయే దిగబడుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, 18 ఎంఎం మందం ఉన్న ప్లైవుడ్ ముక్క ఒకటి డిక్కీలో వేయండి. వడ్రంగి దగ్గర మిగులు చెక్కల్లోనే దొరుకుతుంది. డిక్కీలో ఇంత చవకగా ఇంత ఉపకారం చేసే వస్తువు ఇంకోటి లేదు.

ట్యూబ్‌లెస్ టైరుకి మేకు దిగితే స్టెప్నీ దాకా పోనక్కర్లేదు. పంక్చర్ కిట్టు, కారు సాకెట్టుతో నడిచే గాలి పంపు ఉంటే పావుగంట పని. మేకు ఏ వాలులో దిగిందో చూసి కటింగ్ ప్లయరుతో లాగి, అదే వాలులో ఆకురాయి లాంటి పుల్లని పది పదిహేనుసార్లు ఆడించాలి. రబ్బరు స్ట్రిప్‌ని సూదికి ఎక్కించి, సొల్యూషన్ పూసి, బయట అర అంగుళం మిగిలేదాకా దూర్చి, సూదిని ఒక్క ఊపున లాగాలి. నీళ్లు పోసి బుడగలు రావడం లేదని చూశాక మిగిలింది కోసేయాలి. టైరు పక్క గోడకి చిల్లు పడితే మాత్రం ఇది పనికిరాదు, స్టెప్నీయే గతి. పంపు ఆడేటప్పుడు ఇంజను నడుస్తూ ఉండాలి. మన ఎండకి సొల్యూషన్ ట్యూబు ఏడాదిలో గట్టిపడిపోతుంది. యాత్రకి ముందు మూత తీసి నొక్కి చూడండి.

గుంటూరు నుంచి పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా నాగార్జునసాగర్ వెళ్లే దారి లెక్క వేరు. మే నెలలో రాష్ట్రంలోనే ఎక్కువ ఎండలు కాసేచోట్లలో రెంటచింతల ఒకటి, ఈ దారి ఆ ప్రాంతం మీదుగానే పోతుంది. ఇక్కడ కార్లు ఆగేది వేడికి. వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టి, అద్దాలు దించి, నీడ చూసి ఆపాలి. హీటరు ఇంజను వేడిని కొంత లాగేస్తుంది. కనీసం అరగంట, ముప్పావుగంట గడిచి, పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే రేడియేటరు మూత తీయాలి. తొందరపడి తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. నీళ్లు కలిపి సిద్ధంగా ఉన్న కూలెంటు (ఇంజనుని చల్లబరిచే ద్రవం) ఒక లీటరు, బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్) ఒక లీటరు డిక్కీలో ఉండాలి. పల్నాడు సున్నపురాయి నేల, బోరు నీళ్లలో ఆ సున్నం ఉంటుంది. అవి పోస్తే రేడియేటరు సన్న గొట్టాల్లో పొర కడుతుంది. ఇంకేం లేనప్పుడు బాటిల్ నీళ్లు పోసినా తప్పులేదు, ఇంటికి చేరాక అదంతా తీయించి కూలెంటు పట్టించాలి.

కారు ఆగితే ఫ్యాను తిరగక వేడెక్కి, నడిస్తే గాలికి సర్దుకుంటోందంటే తప్పు నీళ్లది కాకపోవచ్చు, ఫ్యూజుదో, ఫ్యానుకి కరెంటు అందించే స్విచ్చు లాంటి రిలేదో కావచ్చు. 10 ఆంపియర్ల ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ ఫ్యూజులు రెండేసి ఉంచుకోండి. సైజుల్లో పెద్దవి, చిన్నవి ఉన్నాయి, మీ కారులోది ఒకటి తీసి దుకాణంలో చూపించి కొనాలి. కాలిన ఫ్యూజు చోట అంతకంటే పెద్దది పెడితే తీగలు కాలతాయి. సాగర్‌లో బస తీసుకునేటప్పుడు కారుకి చెట్టునీడ ఉందా అని అడగడం సిగ్గుపడే విషయం కాదు.

శ్రీశైలం దారికి అన్నిటికంటే జాగ్రత్తగా సర్దాలి. నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం దాటి దోర్నాల చేరాక అక్కడినుంచి దాదాపు 50 కిలోమీటర్లు పులుల అభయారణ్యంలో ఘాట్ రోడ్డు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. సాయంత్రం ఆరు దాటాక కారులో ఏ చిన్న అనుమానం ఉన్నా గేటుకి పరుగులు పెట్టకుండా మార్కాపురంలో లాడ్జి తీసుకుని పొద్దున్నే మెకానిక్కుకి చూపించి వెళ్లడం మేలు. వసతులకైతే కొండమీద టూరిజం వారి హరిత, సత్రాలు బాగానే ఉంటాయి. కానీ సత్రాల దగ్గర కార్లు ఒకదాని వెనక ఒకటి ఇరికిస్తారు, పొద్దున బ్యాటరీ దిగిపోతే ఇంకో కారు పక్కకి చేరే చోటుండదు. కాబట్టి జంపర్ కేబుళ్లు పొడుగ్గా, మూడు మీటర్లకి తగ్గకుండా, 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో ఉన్నవి తీసుకోవాలి. చవకగా దొరికే వాటిలో మందమంతా పైతొడుగుదే, లోపలి తీగ సన్నం. సెల్ఫ్ కొట్టగానే వేడెక్కిపోతుంది.

తగిలించే వరస ఇది: ఎర్రది ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస ఆగిన కారు ఇంజను ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు, ఆఖరి నిప్పురవ్వ అక్కడ పుట్టకూడదు. మంచి కారుని ఐదు నిమిషాలు నడవనిచ్చి, ఆగినదానికి సెల్ఫ్ కొట్టి, తీసేటప్పుడు వెనకనుంచి మొదలుపెట్టాలి. స్టార్టయ్యాక టీ కోసం ఆపకుండా అరగంటకి పైగా నడపాలి. మన ఎండల్లో మూడేళ్లు నిండిన బ్యాటరీని ఈ యాత్రకి ముందు పరీక్ష చేయించండి. రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 ఓల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే సగమే. జేబులో పట్టే లిథియం జంప్ స్టార్టరు కొనుక్కున్నవాళ్లు దాన్ని ఎండలో కార్లో వదలకుండా గదికి తీసుకెళ్లాలి.

ఈ దారికే తాడు కూడా కావాలి. లాగే కొక్కెం కారు పనిముట్లలో ఉంటుంది, బంపరు మీది చిన్న మూత తీసి అక్కడ పూర్తిగా బిగించాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో దానికి ఎడమ మర ఉంటుంది, అలవాటు ప్రకారం తిప్పితే ఎక్కదు. లాగేటప్పుడు తాళం ఆన్‌లో ఉండాలి, లేకపోతే స్టీరింగు లాక్ పడుతుంది. ఇంజను ఆగి ఉంటే బ్రేకు రాయిలా ఉంటుంది, బలంగా తొక్కాలి. ఆటోమేటిక్ కార్లనీ ఎలక్ట్రిక్ కార్లనీ తాడుతో లాగకూడదు, చక్రాలు నేలకి తగలకుండా లారీ మీద ఎక్కించాల్సిందే. కొండ దిగేటప్పుడు రెండో గేరులో దిగితే బ్రేకులు కాలవు. కాగితాలు ఫోన్లో ఉన్నా సిగ్నల్ లేని అడవిలో తెరుచుకోకపోవచ్చు, ఒక నకలు కార్లో ఉంచండి. కారు రిమోట్ తాళంలో వేసే సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ ఒకటి కూడా.

బాపట్ల దగ్గరి సూర్యలంకకి పెద్ద సామాను అక్కర్లేదు. హరిత రిసార్టులో దిగితే కారు అక్కడే ఉంచి నడిచి వెళ్లండి. ఇసుకలోకి దింపి దిగబడితే యాక్సిలరేటరు తొక్కేకొద్దీ గుంట లోతవుతుంది. ఇంజను తిప్పే చక్రాల్లో గాలి 18 పీఎస్ఐకి దించి, ముందు ఇసుక తోడి, నెమ్మదిగా కదిలించి, గట్టి నేలకి రాగానే మళ్లీ గాలి నింపాలి. గాలి పంపు లేనివాళ్లు ఈ పని మొదలుపెట్టకూడదు.

బెజవాడలోనే మరమ్మతు పడి రాత్రి ఆగాల్సి వస్తే గవర్నరుపేట, గాంధీనగర్ లాడ్జీలు స్టేషనుకి దగ్గరే గానీ కారు నిలిపే చోటు ఇరుకు. బెంజి సర్కిల్, పటమట వైపు దిగితే మరమ్మతు షెడ్లుండే ఆటోనగర్ పక్కనే. నేలమాళిగ పార్కింగులో ఆగిన కారు దగ్గరికి క్రేను దిగలేదు, అనుమానం ఉన్న కారుని పైనే నిలపండి. రేడియేటరు, ఆల్టర్నేటరు, లేతు పనులకి ఆటోనగర్‌ని మించిన చోటు లేదు. ఆదివారం మాత్రం చాలా షెడ్లు తెరవవు. కంప్యూటరుతో ముడిపడిన పనులకీ, వారంటీలో ఉన్నదానికీ కంపెనీ సర్వీసే సరి. గుంటూరులోనూ ఆటోనగర్ ఉంది, చిన్న పనులకి సరిపోతుంది.

చివరిగా వానలు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది, ఐతవరం దగ్గర హైదరాబాదు రోడ్డు మీదికీ నీళ్లొచ్చాయి. నీళ్లలో ఆగిన ఇంజనుకి మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్లోకి చేరిన నీరు గాలిలా నలగదు, లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. దానికి మామూలు ఇన్సూరెన్సు డబ్బులివ్వకపోవచ్చు, ఇంజను రక్షణ అనే అదనపు కవరు తీసుకోవాలి. నీళ్లు తీశాక 10 ఎంఎం పానాతో బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, నీళ్ల మట్టం తలుపు మీద ఎంతవరకు వచ్చిందో ఫొటో తీసి, కారుని లారీ మీదే షెడ్డుకి పంపండి.