చెక్క ఫ్లోర్ కింద ఏ పైల్స్: కాంక్రీటా, స్క్రూనా?

పైల్స్ అంటే ఫ్లోర్ బరువు మోయడానికి నేలలోకి దించే పునాది స్తంభాలు. చెక్క ఫ్లోర్ తేలిక కాబట్టి స్క్రూ పైల్స్ దానికి బాగా కుదురుతాయి. స్టీలు గొట్టానికి అడుగున మర లాంటి రెక్క ఉంటుంది. మెషీన్‌తో తిప్పుతూ నేలలోకి దించుతారు. తిప్పడానికి ఎంత బలం పడుతోందో చూస్తే, పైల్ ఎంత బరువు మోయగలదో అక్కడికక్కడే అంచనా వస్తుంది. అదే రోజు దూలాలు బిగించవచ్చు. కాంక్రీట్ అలా కాదు. గుంత తవ్వాలి, పోయాలి, గట్టిపడేదాకా ఆగాలి; డిజైన్ బలం లెక్కగట్టేది 28 రోజులకి.

అయితే నేలలో పెద్ద రాళ్లుంటే స్క్రూ మొరాయిస్తుంది, అప్పుడు కాంక్రీటే దిక్కు. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: కాంక్రీట్ తేమను పీలుస్తుంది. దూలాన్ని నేరుగా దానిమీద పెడితే కొన్నాళ్లకి పుచ్చిపోతుంది, మధ్యలో తేమ ఎక్కని షీటు వేయాల్సిందే. స్టీలుకి ఆ గొడవ లేదు గానీ, ఉప్పు నేలల్లో తుప్పు టెన్షన్ తప్పదు. గాల్వనైజ్ చేసినవే, అంటే జింక్ పూత ఉన్నవే తీసుకోండి.